వార్షిక నివేదిక: అయ్యగారు రాని ఆదివారాలు

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

క్రిస్మస్‌కు గుడి నిండిపోయి బయట షామియానా వేశాం. పట్నం నుంచి పిల్లలంతా వచ్చారు. జనవరిలో చూస్తే ముందు చాపల మీద ముసలమ్మలు, గోడవారగా ఒకరిద్దరు మగవాళ్లు. మన సంఘం అసలు పరిస్థితి ఆ జనవరిదే.

చదువుకున్నవాళ్లు ఊళ్లో ఉండటం లేదు. పాస్టరేట్‌లో, అంటే ఒకే పాస్టరు కింద ఉన్న సంఘాల్లో, ఊళ్లు ఎక్కువ, పాస్టర్ అయ్యగారు ఒక్కరే. ఆయన సంస్కారం (ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం) ఇచ్చే ఆదివారం తప్ప రాలేరు. దాంతో తాళం తీయని ఆదివారాలు పెరిగాయి.

ఇంకో కారణం పైకి ఎవరూ అనరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. ఆ ఉత్తర్వును సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో సవరించారు, మనకోసం సవరించలేదు. క్రైస్తవులైన దళితులకు బీసీ-సీ కింద ఉన్న రిజర్వేషన్ 1 శాతమే. పిల్లల కుల సర్టిఫికెట్ టెన్షన్‌తో సంఘం రిజిస్టర్‌లో పేరు రాయించడానికి జంకే తల్లిదండ్రులను దయచేసి ఎవరూ తప్పుపట్టవద్దు.

మిరపకాయ ఏరే కాలంలో స్త్రీల మైత్రి వాళ్లు ఆరాధనను రాత్రికి మార్చారు. తోట నుంచి వచ్చి, స్నానం చేసి, మంట తగ్గని అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని వచ్చి కూర్చున్నారు. ఒకామె కీర్తన ఎత్తుకుంది, పదో తరగతి అమ్మాయి వాక్యం చదివింది. పొద్దుటి ఆరాధనకు అంతమంది వచ్చి చాలా కాలమైంది.

మన పెద్దల కాలంలో సంఘాలు నడిచిందీ ఇలాగే. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, బాప్తిస్మం పొందేవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి "నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అనిపించేవారు. ఆ మాట అన్నవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు, అక్షరం రానివాళ్లు. ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం తీసి దేవుడికని పక్కన పెట్టినవాళ్లూ వాళ్లే.

పట్నం పిల్లలు ఫోన్‌పేలో పంపిన డబ్బుతో కారుతున్న రేకులు మార్చాం. జమాఖర్చులు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి.

కోత పండుగ తర్వాతి సంఘ కూటం ముందు కమిటీ రెండు తీర్మానాలు పెడుతోంది. అయ్యగారు రాని ప్రతి ఆదివారం ఆరాధన సభ్యులే వంతులవారీగా నడపాలి. రిజిస్టర్‌లో పేరున్నా లేకపోయినా పిల్లలందరినీ సండే స్కూల్‌లో చేర్చుకోవాలి. వంతులకు ఇప్పటిదాకా పేర్లిచ్చింది ఆడవాళ్లే. మగవాళ్లు కూటానికి ముందే ఇవ్వగలరు.

— సంఘ కార్యదర్శి