మందు లెక్క లివర్‌తోనే తేలదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో నిద్రమాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఒకే గోలీ ఒకరిని మధ్యాహ్నం దాకా లేవనివ్వదు, ఇంకొకరికి ఆవులింత కూడా తెప్పించదు, దానికి కారణం లివర్‌లోని ఎంజైములు అని రాశారు. నిజమే, కానీ సగమే. మిగతా సగం మెదడులో ఉంది. బోధన్‌లో మెడికల్ షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. పేపర్లో వచ్చింది మర్నాడు నా కౌంటర్ ముందుకు వస్తుంది కాబట్టి ఈ ఉత్తరం.

మందుల్ని మార్చే ఎంజైముల్లో సైటోక్రోమ్ పి450 పెద్ద కుటుంబం. ఎక్కువ భాగం లివర్‌లోనే ఉంటాయి. మెదడులో ఉన్నవన్నీ కలిపినా లివర్‌లో ఉన్నదాంట్లో నూటికి ఒకటి రెండు వంతులకు మించవు. ఈమాత్రం దానికేముంది అనిపిస్తుంది. అయితే అవి మెదడంతా సమానంగా పరుచుకుని ఉండవు, కొన్ని చోట్ల కొన్ని కణాల్లోనే దట్టంగా ఉంటాయి. నిద్ర గోలీ, నొప్పి గోలీ పనిచేసేది కూడా మెదడులోనే. మందు అక్కడికక్కడే ఇంకో పదార్థంగా మారితే ఆ సంగతి రక్తపరీక్షలో తెలియదు. రక్తంలో ఇద్దరికీ ఒకే లెవెల్ ఉన్నా ఒకరు తూగుతూ, ఒకరు మామూలుగా ఉండడానికి ఇదొక కారణం.

ఇది ఎక్కడో విదేశాల్లో మాత్రమే తేలిన సంగతి కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ 1986లో బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో చేరి, మనిషి మెదడుకు మందుల్ని మార్చే శక్తి ఎంత ఉందో ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆందోళనకు, నిద్రకు మన దగ్గర అందరూ వాడే గోలీ అల్ప్రాజోలం మీద ఆమె బృందం చేసిన పని 2008లో అచ్చయింది. అల్ప్రాజోలం శరీరంలో ముఖ్యంగా రెండు పదార్థాలుగా మారుతుంది. వాటిలో ఒకదానికి ఎక్కువ ప్రభావం ఉంది. లివర్‌తో పోల్చి చూస్తే ఆ ప్రభావం ఉన్న రకం వాటా మెదడులోనే ఎక్కువని వాళ్లు చూపించారు. మీ వ్యాసంలో ఆమె పేరు లేకపోవడం నాకు కాస్త బాధ కలిగించిన మాట వాస్తవం.

కోడీన్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. దగ్గు సిరప్‌లో ఉండే ఈ మందు తనంతట తానుగా నొప్పిని పెద్దగా తగ్గించదు. పైన చెప్పిన కుటుంబంలోని సీవైపీ2డీ6 అనే ఎంజైము దాన్ని మార్ఫిన్‌గా మారిస్తేనే పని జరుగుతుంది. పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయనివాళ్లున్నారు, అతిగా పనిచేసేవాళ్లూ ఉన్నారు. అతిగా పనిచేస్తే ఒంట్లో మార్ఫిన్ మోతాదు మించుతుంది. టాన్సిల్ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లలు కొందరు చనిపోయాక అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో గట్టి హెచ్చరిక పెట్టింది. ఇంతవరకు లివర్ సంగతి. సిగరెట్ తాగేవాళ్ల మెదడులో మాత్రం ఈ ఎంజైము ఎక్కువగా ఉంటుందని టొరంటో పరిశోధకులు చూశారు. లివర్‌లో ఆ పెరుగుదల లేదు. ఎలుకలకు నికోటిన్ ఇచ్చి చూస్తే కోడీన్ నొప్పిని ఇంకా బాగా తగ్గించింది. అంటే జీన్ టెస్టుకు వేలు పోసినా, మీ మెదడులో ఈరోజు ఎంజైము ఎంతుందో ఆ కాగితం చెప్పదు. పుట్టుకతో వచ్చింది ఒకటి, అలవాట్లు తెచ్చిపెట్టింది ఇంకొకటి.

ఇక నా కౌంటర్ సంగతి. సాయంత్రం ఏడు దాటాక ఎవరో ఒకరు స్ట్రిప్ ముక్క పట్టుకుని వస్తారు. కత్తెరతో గోలీ చుట్టూ కత్తిరించి ఉంటుంది. పేరుండదు, పవర్ ఉండదు, ఎక్స్‌పైరీ తేదీ ముందే పోయింది. "అక్కా, ఇదే ఇయ్యి, మా పక్కింటామెకు మంచిగ పనిచేసిందట" అంటారు. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి డాక్టర్ చీటీ చూసి, ఆయన పేరు, పేషెంటు పేరు, ఎన్ని గోలీలు ఇచ్చామో విడిగా రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. చీటీ లేదు, ఇవ్వను అంటే కోపం వస్తుంది. నేను మొండిదాన్నని ఊళ్లో పేరు కూడా ఉంది. ఉండనీ.

చీటీ ఉన్నప్పుడు కూడా నేను అడిగే ప్రశ్నలున్నాయి. తామరకు ఇట్రాకొనజోల్ వాడుతున్నారా అన్నది మొదటిది. మా దగ్గర ఎండాకాలం మొదలైతే సగం మంది చేతిలో ఆ క్యాప్సూలే. అది అల్ప్రాజోలంను మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది, మందు ఒంట్లో పేరుకుపోతుంది. ఆ రెండూ కలిపి వాడకూడదని మందు కంపెనీల కాగితంలోనే ఉంటుంది. కానీ తామర చీటీ ఒక డాక్టర్‌ది, నిద్ర చీటీ ఇంకో డాక్టర్‌ది. ఒకరి చీటీ ఒకరికి చూపించరు.

రెండోది కల్లు. మా జిల్లాలో ఇది అడగకుండా నిద్ర గోలీ ఇవ్వడం తెలివైన పని కాదు. కల్తీ కల్లులో కలిపేది ఈ అల్ప్రాజోలమేనని మీ పేపరే ఎన్నోసార్లు రాసింది. రోజూ అది తాగే మనిషికి మామూలు గోలీ పనిచేయకపోతే అది ఎంజైము వల్ల అనుకోవద్దు. అది అలవాటు, మెదడే మొద్దుబారింది. అలాంటి మనిషి ఒక్కసారి మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. ఆయన్ని ఆస్పత్రికి పంపాలి గానీ, రెండు గోలీలు వేసుకో అనకూడదు.

వ్యాసం చివర రెండో భాగం వచ్చే వారం అని వేశారు. అందులో డోసులు రాయకండి, దయచేసి. వాటి బదులు ఒక చిన్న బాక్సు కట్టి ఈ ప్రశ్నలు వేయండి: సిగరెట్ తాగుతారా, కల్లు తాగుతారా, తామరకు మందు వాడుతున్నారా, ఇంకే గోలీలు వేసుకుంటున్నారు? అడగకముందే డాక్టర్‌కు చెప్పమని పైన పెద్ద అక్షరాల్లో పెట్టండి. ఆ ముక్క కత్తిరించి బిల్లింగ్ టేబుల్ ఎదురుగా అంటిస్తాను. స్ట్రిప్ ముక్కతో వచ్చినవాళ్లకు అదే చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
బోధన్, నిజామాబాద్ జిల్లా