అడగని సీసాకు డబ్బు కట్టకండి

మా గానుగ నూనెకు మూడు నెలల చందా కట్టిన హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఖాతాదారులందరికీ నమస్కారం.

ఈ నెల మీలో చాలామంది ఖాతాల్లోంచి మరో మూడు నెలల డబ్బు దానంతటదే వెళ్లిపోయింది. పల్లీ నూనె డబ్బాతో పాటు ఎవరూ అడగని నువ్వుల నూనె సీసా కూడా ఇంటికి వచ్చింది. సీసా మెడకు కట్టిన చీటీలో "వద్దనుకుంటే వారంలోగా తిప్పి పంపండి, లేదంటే ధర చెల్లించాలి" అని ఉంది. ఆ చీటీ మేం రాసింది కాదు. మా బిల్లులు, డెలివరీ చూసే కంపెనీ మాకు చెప్పకుండా మా దుకాణం పేరుతో అచ్చు వేయించింది.

నిలదీస్తే, మీరు ఒప్పుకున్నారని అంటున్నారు. చందా కట్టే పేజీలో "గడువు తీరాక కొనసాగించు" అన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచారట. మీరు దాన్ని తీయలేదు కాబట్టి సమ్మతేనట. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే పెట్టిన టిక్కు సమ్మతి కాదు. ఇలాంటి చందా ఉచ్చులను 2023లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు నిషేధించాయి కూడా. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు కబురు చేయాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. కబురు వచ్చింది, కానీ ఇంగ్లిషులో, మా దుకాణం పేరు లేకుండా, ఆ కంపెనీ పేరుతో. అది పల్లీ నూనె గురించి అని ఎవరికి తెలుస్తుంది?

ఆ సీసాల సంగతే నాకు నిద్ర పట్టనివ్వలేదు. మూత తీయనివైనా వెనక్కి తెప్పిద్దామన్నాడు మా అబ్బాయి. నువ్వుల ధర, గానుగ కూలి అన్నీ లెక్క వేసి చూపించాడు. లెక్కలో తప్పు లేదు. కానీ ఒక ఇంటి గడప దాటి వచ్చిన నూనెను మరొకరికి అమ్మడం మా నాన్నగారి కాలం నుంచీ ఈ దుకాణంలో లేదు. పైగా అడగని సరుకును తిరిగి మోసే పని మీకెందుకు? సుబేదారి నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు సీసాను, చీటీని గల్లా మీద పెట్టి, "నీ దుకాణంలో కూడా ఇవి మొదలయ్యాయా బిడ్డా?" అన్నారు. అంతకన్నా చెంపదెబ్బే నయం.

సీసా మీదే. మామిడికాయ పచ్చడిలో పోసేసినా సరే, రూపాయి కట్టనవసరం లేదు. వెళ్లిన డబ్బు ఆ కంపెనీ ఇచ్చేదాకా ఆగకుండా మా గల్లా నుంచే వాపసు చేస్తున్నాం. మీ వైపు నుంచి కూడా యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి అనుమతి రద్దు చేసుకోండి.

ఇకపై చందా తీరగానే నేనే ఫోను చేస్తాను. మీరు కావాలంటేనే నూనె వస్తుంది. ఇలా అయితే సగం మంది జారిపోతారని తోటి వ్యాపారులు చెబుతున్నారు. జారిపోతే పోనివ్వండి, మరచిపోయిన వాళ్ల డబ్బుతో నేను గానుగ ఆడించను.

ఆ కంపెనీ మీద ఫిర్యాదు చేయాలనుకుంటే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లినా, మా బిల్లు పుస్తకాలు పట్టుకుని సాక్ష్యం చెప్పడానికి నేను వస్తాను.