కుప్పకూలిన ప్రతి ఒక్కరిదీ గుండెపోటేనా?

ఎడిటర్ గారికి,

మనిషి ఉన్నట్టుండి పడిపోయి చనిపోతే చాలు, పోస్టుమార్టం కూడా కాకముందే మీ పేపర్లో ‘గుండెపోటుతో మృతి’ అని వచ్చేస్తుంది. చాలాసార్లు అది నిజమే కావచ్చు, కాదనను. కానీ మెదడు చుట్టూ రక్తం కారినా మనిషి అచ్చం అలాగే పోతాడని, మా పెద్దక్క పోయేదాకా నాకూ తెలీదు.

అక్కకి 46 ఏళ్లు. పోవడానికి తొమ్మిది రోజుల ముందు తల దువ్వుకుంటున్నదల్లా దువ్వెన వదిలేసి, మెడ వెనక చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయింది. ‘‘సుత్తితో కొట్టినట్టుందిరా’’ అంది. రెండు వాంతులయ్యాయి, మెడ కిందికి వంచలేకపోయింది. ఏదో టెన్షన్ అనుకుని మాత్ర వేసుకుని పడుకుంది, మూడో రోజుకి తగ్గింది కూడా. తొమ్మిదో రోజు బాత్రూమ్‌లో పడిపోయింది. ఆసుపత్రిలో ఈసీజీ తేడాగా ఉందని ముందు వాళ్లూ గుండె అనే అనుకున్నారు, తర్వాత సీటీ స్కాన్ తీస్తే మెదడు అడుగున నల్లగా కనపడాల్సిన సందులన్నీ రక్తంతో తెల్లగా ఉన్నాయి. స్కాన్ గదిలోంచి బయటికి తెచ్చేసరికే అయిపోయింది. మా చుట్టాలు ఇప్పటికీ గుండెపోటనే చెప్పుకుంటారు.

తర్వాత డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు. మెదడు అడుగున రక్తనాళాలు రెండుగా చీలే చోట గోడ పలచబడి చిన్న బుడగలా ఉబ్బుతుంది, అన్యూరిజం అంటారు. వందమందిలో సుమారు ముగ్గురికి ఉంటుందట, చాలామందికి అది ఎప్పటికీ పగలదు, ఉన్న సంగతే తెలీదు. పగిలిందా, రక్తం మెదడు చుట్టూ చిమ్ముతుంది. పుర్రె సాగేది కాదు కదా, లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి రక్తపోటుతో సమానమైతే ఇక మెదడుకి రక్తం ఎక్కడమే ఆగిపోతుంది. దానికి తోడు ఒంట్లో అడ్రినలిన్ ఒక్కసారిగా పొంగి గుండె లయ తప్పుతుంది, ఈసీజీ అందుకే అలా వచ్చిందన్నమాట. పగిలినవాళ్లలో పదిమందికి ఒకరికి పైనే ఆసుపత్రి దాకా కూడా రారట.

నన్ను తినేస్తున్నది ఆ తొమ్మిది రోజులే. మొదటి నొప్పి, కొంచెం రక్తం లీకైనప్పుడు వచ్చింది అయ్యుండొచ్చన్నారు. మామూలు తలనొప్పి మెల్లగా పెరుగుతుంది, ఇది నిమిషంలోపే భరించలేనంత అయిపోతుంది. ఆరు గంటల్లోపు సీటీ తీస్తే దాదాపు దొరికిపోతుంది, రోజులు గడిస్తే స్కాన్ మామూలుగానే కనిపించొచ్చు, అప్పుడు వెన్నులోంచి నీరు తీసి చూడాల్సి వస్తుంది. బుడగ దొరికితే పుర్రె తెరిచి క్లిప్పు పెడతారు, లేకపోతే తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి ప్లాటినం తీగ చుట్టలతో దాన్ని నింపేస్తారు. క్లిప్పు వైద్యం 1937 నుంచీ ఉంది! మేమేమో మాత్రతో సరిపెట్టాం. (అది ఆస్పిరిన్ కాకపోవడం ఒక్కటే నయం, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదు.)

మీ ఆరోగ్యం పేజీలో గుండె గురించి ఎన్నోసార్లు చదివాను, ఈ తలనొప్పికి ఒక్క అరపేజీ ఇవ్వండి. కారణం ఇంకా తేలకపోతే తేలలేదనే రాయండి, ఎవరూ తప్పుపట్టరు.

దగ్గరి రక్తసంబంధీకుల్లో ఇద్దరికి వస్తే మిగతావాళ్లకి స్కాన్ తీయించమంటారట. మా ఇంట్లో ఒక్కరే కాబట్టి అక్కర్లేదన్నారు, బీపీ చూసుకోమని, సిగరెట్లు మానమని చెప్పారు. బీపీ మిషన్ కొన్నాను. సిగరెట్లు మానేసి ఐదు నెలలైంది.

– ఒక పాఠకుడు