తమ్ముడికి, వైస్ కొనే ముందు

షెఫీల్డ్, ఇంగ్లండ్

చిరంజీవి తమ్ముడికి దీవెనలు. పనిబల్లకి వైస్, అంటే చెక్కని రెండు దవడల మధ్య బిగించి పట్టే పరికరం, కొనేముందు ఇది చదువు.

హార్డ్‌వేర్ షాపులో ఉత్తినే "బెంచ్ వైస్" అని అడిగితే ఇనప పనివాళ్ళది చేతిలో పెడతారు. దాని దవడలకి గరుకు పళ్ళుంటాయి, టేకు మీద అచ్చులు పడతాయి. నీకు కావలసింది బల్ల కింద బిగించే కార్పెంటర్ వైస్. తలుపులూ కిటికీ రెక్కలూ చేస్తావు కాబట్టి 9 అంగుళాలది తీసుకో. ఇక్కడ తయారైన పాత రికార్డ్ కంపెనీ 52½ నంబరుది మంచిదే, 13 అంగుళాల దాకా తెరుచుకుంటుంది. కానీ బరువు 15 కిలోలు దాటుతుంది, పంపే ఖర్చు దండగ. అక్కడే కొనుక్కో.

కొనేముందు దవడల్ని మెల్లగా దగ్గరికి తిప్పి చూడు. ముందు పై అంచులు తగలాలి, బిగించాక కింది భాగం కలవాలి. కింద ముందు తగిలితే చెక్క పైన వదులుగా ఉంటుంది, చిత్రిక పట్టేటప్పుడు కదిలిపోతుంది. క్విక్ రిలీజ్ (మర తిప్పకుండానే దవడని జరిపే మీట) ఉన్నదైతే ఒక కర్రముక్క పెట్టి గట్టిగా బిగించు. టక్కున జారిందంటే లోపల మర కడ్డీని పట్టుకునే సగం నట్టు (హాఫ్ నట్) మరలు అరిగిపోయినట్టే. అలాంటిది చవగ్గా ఇచ్చినా వద్దు.

అసలు పనంతా బిగించడంలోనే ఉంది. చాలామంది లోపలి దవడని బల్ల అంచు బయటే వదిలేస్తారు. అప్పుడు పొడుగు పలక వైస్ దగ్గర మాత్రమే ఆనుతుంది, మిగతాదంతా గాల్లో ఊగుతుంది. బల్ల అడుగు నుంచి గాడి తవ్వి దవడని లోపలికి దించు. దాని ముందు వేసే 18 మి.మీ. ప్లైవుడ్ ముఖం బల్ల అంచుతో సమానంగా రావాలి. ఇనప దవడ పై అంచు బల్ల పైభాగానికి 12 మి.మీ. కిందుండాలి, లేకపోతే చిత్రిక బ్లేడు దానికి తగిలి పెచ్చు లేస్తుంది. ప్లైవుడ్ మాత్రం బల్ల ఎత్తుకి రావాలి. స్క్రూ తలలు లోపలికి బాగా దిగాలి.

బల్ల కింద ఎంత చెక్క వేయాలో లెక్క ఇదీ: దవడ పై అంచు నుంచి వైస్ పీఠం (బల్ల కింద బోల్టులతో బిగించే భాగం) దాకా 90 మి.మీ. ఉందనుకో. దానికి 12 కలిపితే 102. బల్ల మందం 50 తీసేస్తే 52. అంత మందం ముక్క మధ్యలో వేసి, బల్ల పైనుంచి బోల్టులు దించి, కింద వాషర్లు వేసి బిగించు. ఉత్త స్క్రూలైతే బరువుకి కొన్నాళ్ళకి ఊడి వస్తాయి.

నువ్వు కుడిచేతివాటం కదా, ఎడమ కొసన బల్ల కాలి పక్కనే పెట్టు. కాలు బరువు మోస్తుంది. దవడతో పాటు ముందుకీ వెనక్కీ జరిగే కడ్డీలు మాత్రం కాలికి తగలకూడదు.

ఒక పక్కనే చెక్క పట్టుకుని బిగిస్తే దవడ వంకర తిరుగుతుంది, కడ్డీలూ నట్టూ పాడవుతాయి. 30 మి.మీ. ముక్క ఒక కొసన ఉంటే రెండో కొసన అంతే మందంది పెట్టు. మర కడ్డీకి నూనె పూయకు, రంపపు పొట్టు అంటి ముద్దవుతుంది. బ్రష్షుతో దులిపి కొవ్వొత్తి రుద్దు, చాలు.

గాడి తవ్వకముందు బల్ల మందం, బల్ల ముందు కాలు బల్ల అంచు నుంచి ఎంత లోపలుందో కొలిచి రాయి. అమ్మకి, నాన్నకి నమస్కారాలు.

మీ అన్నయ్య