మన బధిరుల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు, కుటుంబ సభ్యులకు, మన సైగల్ని మాటల్లోకి, మాటల్ని సైగల్లోకి మార్చి అలసిపోయే ఇంటర్‌ప్రెటర్ గారికి నమస్కారం. నివేదిక ఇవ్వకపోతే సర్వసభ్య సమావేశం జరిగినట్టు కాదని బైలాస్‌లో ఉంది కాబట్టి ఇది రాశాను. సభలో మొత్తం సైగల్లోనే చెబుతాను, ఈ కాగితం ఇంట్లో వాళ్ళకి చూపించుకోవడానికి. సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే, మళ్ళీ రాయడం లేదు.

పన్నెండు మొదటి ఆదివారాల్లో పది సమావేశాలు జరిగాయి. మేలో ఎన్నికల హడావుడిలో హాలు దొరకలేదు. సెప్టెంబరు 1న వాన ఆపేసింది. కొత్తగా చేరినవాళ్ళు 14 మంది. వాళ్ళలో ఆరుగురు హైదరాబాదు, బెంగళూరుల్లో ఉంటారు, ఇంకొకరు మస్కట్‌లో. నిజం చెప్పాలంటే మన సంఘం ఇప్పుడు రాజమండ్రి కోటిపల్లి బస్టాండు దగ్గరి హాల్లో కంటే వాట్సాప్ గ్రూపులోనే ఎక్కువ నడుస్తోంది. హాల్లో నెలకి ఒక పూట కలుస్తాం. గ్రూపులో రోజూ కలుస్తాం, రోజూ పోట్లాడుకుంటాం. అందుకే ఈసారి నివేదికలో సగం దాని సంగతే.

జూన్‌లో జరిగింది మీకు తెలుసు. అయినా కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. మన సభ్యురాలు ఒకామె మూడేళ్ళ పాపకి కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే వినికిడి పరికరం, చేయించింది. చెవి వెనక మిషన్ పెట్టుకుని పాప నవ్వుతున్న ఫొటో రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో పెట్టింది. పది కాకముందే ఒక పెద్దాయన వీడియో పెట్టారు. చేతులున్న పిల్లకి మిషన్ ఎందుకు, తల్లికి తన భాషంటే సిగ్గా అని. దాని కింద పదకొండు నవ్వు బొమ్మలు పడ్డాయి. మర్నాడు ఎవరో దాన్ని ఆమె అత్తగారి ఊరి గ్రూపుకి పంపారు. మూడో రోజు ఆమె మన గ్రూపు వదిలి వెళ్ళిపోయింది.

ఆ వీడియో ఎంతమంది చూశారో తర్వాత పెద్దాయనే తన ఫోన్‌లో నాకు చూపించారు. 97 మంది. ఆ జాబితాలో నా పేరూ ఉంది, టైము 10:40. పొద్దున్న మాట్లాడదాంలే అని ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి పడుకున్నాను. కార్యదర్శిని కదా, మొదటి తప్పు నాదే. కానీ మిగతా 96 మందీ కూడా పొద్దున్న కార్యదర్శి మాట్లాడతాడులే అనే పడుకున్నారని నా అనుమానం.

పెద్దాయన కోపం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టవుతుంది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల టీచర్లు సభ పెట్టుకుని, బళ్ళలో సైగలు వద్దు, పెదాలు చూసి మాట్లాడ్డమే నేర్పాలని తీర్మానించారు. అలా తీర్మానించిన వాళ్ళు దాదాపు అందరూ వినగలవాళ్ళే. ఆ పద్ధతి మన దేశపు బళ్ళకీ వచ్చింది. మన పెద్దాయన చదివిన హాస్టల్లో చేతులు కదిలితే వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బ పడేది. ఆయన కుడిచేతి చిటికెన వేలు ఇప్పటికీ తిన్నగా రాదు, గమనించే ఉంటారు. అదే టీచర్ల మహాసభ మళ్ళీ 2010లో వాంకోవర్‌లో కూర్చుని ఆ తీర్మానానికి విచారం తెలిపింది. నూట ముప్ఫై ఏళ్ళకి. ఆ దెబ్బలన్నీ ఆయన కళ్ళలో ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ బాకీ మూడేళ్ళ పాప తల్లి దగ్గరా వసూలు చేయాల్సింది?

ఇంప్లాంట్ మంచిదా కాదా అని సంఘం తేల్చలేదు, తేల్చదు కూడా. ఎంతైనా వాదించుకోండి. ఆమె ఇప్పుడు మొదటి ఆదివారాలకి పాపతో వస్తోంది. గ్రూపులోకి మాత్రం ఇంకా రాలేదు. నేను రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగను.

వీడియో బయటికి పంపిన వాళ్ళకి ఒక మాట. వినగలవాళ్ళు పేరు దాచుకుని ఆకాశరామన్న ఉత్తరం రాయగలరు. మనకా సౌకర్యం లేదు. మన భాషలో కనుబొమ్మ పైకి లేస్తే ప్రశ్న, బుగ్గ ఉబ్బితే పెద్దది అని అర్థం. ముఖం కప్పేసి సైగ చేస్తే సగం మాట పోతుంది. కాబట్టి ఒకరి సైగ వీడియో పంపడమంటే వాళ్ళ ముఖాన్నే ఊరి మీదికి పంపడం. అడిగి పంపండి.

ఇంకో గొడవ తెలుగుతో వచ్చింది. మన కుర్రాడొకడు రిటైర్డ్ మాస్టారికి మెసేజ్ పెట్టాడు: "నువ్వు మీటింగ్ రాలేదు ఎందుకు. ఫైన్ 50 కట్టు." మాస్టారికి వినికిడి పోయింది యాభై దాటాక. ఆయన తెలుగు మాటల తెలుగు, 'అండీ' లేకుండా వాక్యం ముగియదు. ఆ మెసేజ్ చూసి రెండు వారాలు అలిగారు. కుర్రాడికి ఆయన ఎందుకు అలిగారో కూడా తెలీదు. వాడు పుట్టినప్పటి నుంచీ సైగల్లోనే ఆలోచించేవాడు. సైగల్లో ప్రశ్న మాట చివరే వస్తుంది. 'నువ్వు'కీ 'మీరు'కీ వేలితో చూపించడం ఒక్కటే, మర్యాదంతా ముఖంలో, కాస్త ముందుకి వంగే భుజంలో ఉంటుంది. టైప్ చేస్తే ఆ భుజం రాదు కదా. చివరికి ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అదే మాట సైగల్లో చెప్పించాం. మాస్టారు నవ్వేశారు, యాభై రూపాయలూ కట్టారు. అప్పటి నుంచి గ్రూపులో అడగకుండా ఎవరి తెలుగునీ దిద్దకూడదని పెట్టుకున్నాం. దిద్దడం సరదాగా ఉంటుంది కానీ, దిద్దించుకున్నవాళ్ళు ఆ తర్వాత నెలల తరబడి రాయరు.

అన్నట్టు, గ్రూపులో ఉన్న కుటుంబ సభ్యులకి నాలుగోసారి మనవి. దయచేసి వాయిస్ మెసేజ్‌లు పెట్టకండి. బధిరుల గ్రూపు అండీ.

పింఛను గొడవ అన్నిటికంటే చేదు. జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 అయింది, సంతోషం. కొత్త ఏడాదిలో మళ్ళీ తనిఖీలు మొదలయ్యేసరికి గ్రూపులో ఒకరి చెవుల మీద ఒకరికి అనుమానాలు వచ్చాయి. "నువ్వు ఫోన్ మాట్లాడతావు, నీకు పింఛనెలా?" అని ఒకరు. "దొంగ చెవుడు" అని ఇంకొకరు. 2016 చట్టం ప్రకారం రెండు చెవులకీ 70 డెసిబెల్స్ నష్టం ఉంటే బధిరులు, 60 నుంచి 70 మధ్య అయితే వినికిడి తక్కువవాళ్ళు. మన సంఘంలో రెండు రకాలవాళ్ళూ సభ్యులే, అందరి చందా ఒకటే. మిషన్ పెట్టుకుని ఇంట్లో నాలుగు మాటలు వినేవాళ్ళు బస్టాండులో ఏమీ వినలేరు. సర్టిఫికెట్ ఇవ్వడం డాక్టర్ల పని. సభ్యుల ఆడియోగ్రామ్‌లు, అంటే వినికిడి పరీక్ష కాగితాలు, గ్రూపులో అడిగిన ఇద్దర్ని నెల రోజులు బయట ఉంచాం. దానికి నాకు వచ్చిన తిట్ల వీడియోలు దాచుకున్నాను.

తనిఖీకి వెళ్ళిన వాళ్ళ కష్టం కూడా రాయాలి. ఒక ఆసుపత్రిలో చెవి పరీక్షకి వచ్చిన మన సభ్యుల్ని టోకెన్ నంబరు గట్టిగా అరిచి పిలిచారు! మనవాళ్ళలో ఒకాయన పొద్దున్న ఏడింటి నుంచి బల్ల మీద కూర్చుని మధ్యాహ్నం దాకా తన వంతు రాలేదనుకున్నాడు. తీరా చూస్తే పిలిచి, రాలేదని రాసేసుకున్నారు. ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమని, కనీసం నంబరు పలక మీద రాసి చూపించమని మూడు అర్జీలు ఇచ్చాం. రసీదులు మూడు ఉన్నాయి, జవాబు ఒక్కటీ లేదు.

సెప్టెంబరు 1 సంగతి. విజయవాడలో బుడమేరు పొంగిన రోజున సింగ్‌నగర్‌లో మనవాళ్ళవి రెండు కుటుంబాలు ఉన్నాయి. మైకులో చెప్పేది వాళ్ళకి చేరదు. కరెంటు లేదు, ఫోన్‌లో 20 శాతం ఛార్జింగ్ ఉంది. ఆ రాత్రి గ్రూపు ఎంత బాగా పనిచేసిందో! పడవ ఎటు వస్తుందో టీవీ చూసినవాళ్ళు రాసి పెట్టారు, ఛార్జింగ్ అయిపోతుందని వీడియోలు ఎవరూ పెట్టలేదు. అంతలో ఒకరు ఎక్కడిదో పాత ఆనకట్ట తెగిన వీడియో పెట్టారు. అరగంట అందరికీ టెన్షన్. అబద్ధమని తేల్చింది ఇంటర్ చదివే మన అమ్మాయి. ఆ అమ్మాయి తీసెయ్యమన్నాక పెట్టినాయన తీసేసి, తప్పయిందని సైగ చేసి పెట్టారు. జూన్‌లో ఇలా ఒక్కరు అడిగినా సరిపోయేది.

ఇక మన పండుగ. అంతర్జాతీయ బధిరుల వారం చివరి రోజు, సెప్టెంబరు 29 ఆదివారం. సెప్టెంబరు 23 సైగల భాషా దినం, 1951లో ప్రపంచ బధిరుల సమాఖ్య పుట్టిన రోజు కూడా అదే. ప్రతి ఏడూ ర్యాలీ, ప్లకార్డులు, ఫొటో. ఈసారి ర్యాలీ మానేసి పూటంతా చర్చ పెట్టాం. హాల్లో 84 మంది, స్క్రీన్ మీద 22 మంది. ఎలా వాదించుకోవాలన్నదే విషయం. పొద్దున్న అంతా గందరగోళం. మస్కట్ సభ్యుడు కిటికీకి వీపు పెట్టి కూర్చోవడంతో నల్లటి నీడ తప్ప చేతులు కనపడలేదు. ఇంకొకరు పూల చొక్కా, వేళ్ళు పూలలో కలిసిపోయాయి. ఒకేసారి ముగ్గురు సైగ చేస్తే ఎవరిని చూడాలి? చెవులున్నవాళ్ళు ముగ్గురి మాటా ఒకేసారి వినగలరేమో, మనకి కళ్ళు ఒకచోటే ఆనతాయి. అందుకని చెయ్యెత్తి, అందరి కళ్ళూ తన మీదికి వచ్చాకే మొదలుపెట్టాలన్నది మొదటి ఒప్పందం. ఎదుటివాళ్ళు చెబుతుండగా ముఖం తిప్పేసుకోవడం, కెమెరా ఆపేయడం తిట్టుతో సమానమన్నది రెండోది. మనకది చెవులు మూసుకోవడమే కదా.

మధ్యాహ్నం చర్చ పేరు సైగల మీదికి, అంటే మనిషిని పేరుకి బదులు పిలిచే సైగల మీదికి వచ్చింది. మనవాళ్ళు పేరు సైగ పెట్టేది కంటికి కనిపించినదాన్ని బట్టి. పుట్టుమచ్చ, వంకీల జుట్టు, బుగ్గ సొట్ట. ఒకాయన లేచి, ఇరవై ఏళ్ళుగా మీరంతా నన్ను కుంటికాలు సైగతో పిలుస్తున్నారు, నాకిష్టం లేదు అన్నారు. ఇరవై ఏళ్ళుగా! హాలంతా కదలకుండా ఉండిపోయింది. అంతలో కరెంటు పోయింది. ఫోన్ టార్చీలు వేస్తే ఆయన కళ్ళలో పడి ఆయనకి ఎవరూ కనపడలేదు. అందరం కుర్చీలు ఎత్తుకుని వరండాలోకి వచ్చాం, అక్కడే కొత్త సైగ వెతికాం. ఆయన వైరింగ్ పని చేస్తారు. రెండు వేళ్ళతో వైరు మెలిపెట్టినట్టు ఒక సైగ చిన్నపిల్ల ఒకత్తి చూపించింది. ఆయన రెండుసార్లు చేసి చూసుకుని తలూపారు. చప్పట్లకి బదులు 84 జతల చేతులు గాలిలో ఊగాయి. కరెంటు నాలుగింటికి గానీ రాలేదు.

గ్రూపుని చూసుకోవడం నెలకి ఇద్దరి వంతు అని ఆ రోజే రాసుకున్నాం. అప్పుడు చేతులెత్తినవాళ్ళు 16 మంది. నిజంగా చూసుకున్నవాళ్ళు ఐదుగురు. డిసెంబరు, ఫిబ్రవరి నెలల వంతులూ నేనే చేశాను, మా ఆవిడ సాక్షి.

జమాఖర్చులు: చందాలు, విరాళాలు కలిపి రూ. 41,300 వచ్చింది, రూ. 38,750 ఖర్చయింది. వివరాలు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, అడిగినవాళ్ళకి చూపిస్తారు. చందా బాకీ ఉన్నవాళ్ళ పేర్లు చదవొద్దని అధ్యక్షులవారు అన్నారు కాబట్టి చదవడం లేదు.

కృతజ్ఞతలు: హాలు సగం అద్దెకి ఇచ్చిన యజమానికి, సెప్టెంబరు 29న ఉప్మా, పెసరట్లు పెట్టిన టిఫిన్ సెంటర్ వారికి, ప్రొజెక్టర్ ఇచ్చిన ఫొటో స్టూడియో వారికి. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో వీడియో కాల్ మీద మన తరఫున మాట్లాడే మన పిల్లలకి, పరీక్షల రోజుల్లో కూడా విసుక్కోనందుకు. అలక మానిన మాస్టారికి. జూన్ గొడవ ఇందులో రాయడానికి ఒప్పుకున్న పెద్దాయనకీ, పాప తల్లికీ.

ఏప్రిల్ నుంచి మార్చి దాకా కొత్త వంతుల పట్టిక గుమ్మం దగ్గర బల్ల మీద ఉంది. ఇరవై నాలుగు గడుల్లో ఇప్పటికి ఏడు నిండాయి. పెన్ను దారంతో కట్టాం, పోయినసారిది ఎవరో పట్టుకుపోయారు.

ఇట్లు,
కార్యదర్శి