ఏ సంఘం?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మా పక్కింటావిడ ‘సంఘానికి వెళ్తున్నానండీ’ అంటే పొదుపు సంఘం మీటింగ్ అనుకున్నాను. ఆవిడ వెళ్లింది చర్చిలో ప్రార్థనకి! క్రైస్తవులకు విశ్వాసుల సమూహమే సంఘం, పాస్టరుగారు సంఘ కాపరి.

ఈ మాట మన విశాఖకు కొత్తది కాదు. భీమిలి రోడ్డులో తొట్లకొండ ఎక్కితే కనిపించే విహారాల గదులు బౌద్ధ భిక్షువులవి. ‘సంఘం శరణం గచ్ఛామి’ అన్నప్పుడు సంఘం అంటే ఆ భిక్షువుల సమూహమే.

ప్రభుత్వం దగ్గరికొస్తేనే చిక్కు. రాజ్యాంగం 324వ అధికరణ చెప్పే ఎలక్షన్ కమిషన్ ఎన్నికల సంఘం, 280వ అధికరణ కింద వేసే ఫైనాన్స్ కమిషన్ ఆర్థిక సంఘం. మున్సిపాలిటీ పురపాలక సంఘం. అదే కార్పొరేషన్ అయితే నగర పాలక సంస్థ! 1979లో కార్పొరేషన్ అయ్యాక మన ఊరు సంఘం నుంచి సంస్థకు మారిందన్నమాట. పోర్టులో, స్టీల్ ప్లాంటులో యూనియన్లేమో కార్మిక సంఘాలు. నోటీసిచ్చే కమిషనూ, సమ్మె చేసే యూనియనూ రెండూ సంఘాలే.

మాట మార్చమనడం లేదు, నాకు ఇష్టమైన మాటే. కానీ పత్రికల్లో ‘సంఘం ఆగ్రహం’ అని శీర్షిక చూసినప్పుడల్లా ఎవరికి కోపమొచ్చిందో తెలియాలంటే మూడో పేరా దాకా చదవాల్సి వస్తోంది. శీర్షికలో ఇంకొక్క మాట చేర్చండి, చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం