నాటకాలను చిత్రీకరించి భద్రపరచాలి

సంపాదకుల వారికి,

రంగస్థల ప్రదర్శనలను ప్రభుత్వమే చిత్రీకరించి దాచాలన్న అభిప్రాయం నాలో బలపడటానికి కారణం ఒక ఆంగ్లేయ నటుడు. ఆయన పేరు టిమ్ పిగట్-స్మిత్. దాదాపు ఐదు దశాబ్దాలు టీవీలోనూ నాటకాల్లోనూ ఎక్కువగా క్యారెక్టర్ వేషాలే వేశారు.

1984లో గ్రనడా టెలివిజన్ 14 భాగాలుగా ప్రసారం చేసిన ‘ద జువెల్ ఇన్ ద క్రౌన్’లో, బ్రిటిష్ పాలన చివరి రోజుల నాటి పోలీసు అధికారి రోనాల్డ్ మెరిక్ ఆయనే. హరి కుమార్ అనే భారతీయ యువకుణ్ణి నిర్బంధించి హింసించే మెరిక్‌ను చూస్తే మనకు రక్తం మరుగుతుంది. కానీ హరి ఇంగ్లండులో పేరున్న బడిలో చదివినవాడు, మెరిక్ సామాన్య కుటుంబం నుంచి వచ్చినవాడు. తనవాళ్ళే తనను చిన్నచూపు చూస్తారన్న కడుపుమంట ఆ జాత్యహంకారం అడుగున రగులుతోందని పిగట్-స్మిత్ గొంతు పెంచకుండానే మనకు తెలియజేస్తారు. చివరి భాగాల్లో కాలిన ముఖంతో, నల్ల తొడుగు వేసిన కృత్రిమ చేతితో ఆయన నిలబడితే జాలిపడాలో అసహ్యించుకోవాలో తేల్చుకోలేక నేను చాలాసేపు కదలలేకపోయాను. ఆ పాత్రకు ఆయనకు బ్రిటన్‌లో సినిమా, టీవీ రంగాలకు ఇచ్చే బాఫ్టా ఉత్తమ నటుడి పురస్కారం దక్కింది.

నలభై ఏళ్ళు దాటినా ఆ నటనను ఇవాళ ఎవరైనా చూడవచ్చు. 1988లో లండన్‌లోని నేషనల్ థియేటర్‌లో ఆయన వేసిన షేక్‌స్పియర్ పాత్ర లియాంటీస్‌ను చూద్దామంటే మాత్రం నాకు దారి దొరకలేదు.

2014లో మా అమ్మాయి దగ్గరికి లండన్ వెళ్ళినప్పుడు విండమ్స్ థియేటర్‌లో ఆయన నటించిన ‘కింగ్ చార్లెస్ 3’ చూశాను; అప్పటికి యువరాజుగా ఉన్న చార్లెస్ రాజైతే ఏమవుతుందో ఊహించి రాసిన నాటకం అది. పత్రికా స్వేచ్ఛను కుదించే బిల్లుపై సంతకం చేయడానికి నిరాకరించే రాజుగా ఆయన పలికిన పద్యాల్లాంటి పంక్తులు, ఆంగ్లం అంతంతమాత్రమే వచ్చిన నాకు కూడా, మాట వెంట మాట అర్థమయ్యాయి. ఆ నాటకాన్ని బీబీసీ ఆయనతోనే చిత్రంగా తీసి 2017 మేలో ప్రసారం చేసింది. అప్పటికి నెల రోజుల ముందే, ఏప్రిల్ 7న, మరో నాటకం రిహార్సల్స్ జరుగుతుండగా ఆయన 70వ ఏట కన్నుమూశారు. ఆ చిత్రమే లేకపోతే ఆయన చార్లెస్ నావంటి కొందరు ప్రేక్షకుల జ్ఞాపకంగానే మిగిలేవాడు.

లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కళాకారుల సంఘాలతో ఒప్పందం చేసుకొని 1992 నుంచి ఎంపిక చేసిన నాటకాలను చిత్రీకరించి భద్రపరుస్తోంది. ముందుగా అనుమతి తీసుకొని అక్కడికి వెళ్ళి వాటిని చూడవచ్చు. మనం బళ్ళారి రాఘవ రంగస్థల నటన గురించి చదువుకోవడమే గాని చూసే భాగ్యానికి నోచుకోలేదు. నాటక పరిషత్తు పోటీల్లో తండ్రి పాత్రకో గుమాస్తా పాత్రకో ప్రాణం పోస్తున్న నేటి నటులకైనా ఆ గతి పట్టకూడదు. బహుమతి పొందిన ప్రతి నాటకాన్నీ, నాటికనూ చిత్రీకరించి, చిన్న వేషాలు వేసినవారి పేర్లతో సహా జిల్లా గ్రంథాలయాల్లో అందుబాటులో ఉంచే ఏర్పాటుపై రెండు తెలుగు రాష్ట్రాల సాంస్కృతిక శాఖల వివరణ కోరవలసిందిగా మీ పత్రికను అభ్యర్థిస్తున్నాను.

– ఒక నాటకాభిమాని, తెనాలి